మూడు వేళ్ళు

మాగనూరు దాటినంక మా బడి.
కిటికీలోంచి చూస్తే కృష్ణకవతల
థర్మల్ పొగగొట్టాలు. అది కర్ణాటక.
ఇవతల మేము.

గోడకున్న దేశపటాన్ని
ఎండాకాలం సెలవుల్ల చెదలు చదువుకున్నయి.
రాజస్థాన్ మొత్తం పోయింది.
మేముండే చోట
వేలు దూరేంత బొక్క.
కొత్త పటానికి దరఖాస్తు పెట్టి రెండేండ్లు.
అందుకే ఈసారి
పిట్టలతోటి మొదలుపెట్టిన.

"మనది పాలపిట్ట. మన పువ్వు తంగేడు."
తంగేడు చూపియ్యనీకె నేను లేవనక్కరలేదు,
ప్రహరీ లేని బడి మాది,
నాలుగో తరగతిని ఆనుకొనే పూస్తది.
"జార్ఖండ్‌ది మోదుగ" అన్న.
విస్తర్లు కుట్టే తాయప్ప తన వేళ్ళు చూసుకున్నడు,
అంత దూరపు రాష్ట్రం
వాని గోర్ల కింద దొరికింది.
"కేరళది రేల."
"మా చేను గట్టు మీదున్నది సార్, కేరళ!"
"గుజరాత్‌ది బంతి."
"మా దర్వాజకు ఎండిపోయి ఏలాడుతున్నది గుజరాత్!"

"రాజస్థాన్‌ది బట్టమేక పిట్ట" అన్నప్పుడు మాత్రం
ఎవ్వరూ నోరిప్పలేదు.
వంట చేసే మొగులమ్మ
గంటె పట్టుకొని గుమ్మంల నిలబడింది.
"మా తాత చెప్పేటోడు,
సజ్జ చేన్లల్ల నిలబడితే మేక అనుకునేటోళ్ళంట.
మనకాడ గూడ ఉండె."

ఉండె.
ఆ ఒక్క మాట బోర్డు మీద రాసి
భూతకాలం గూడ అప్పుడే చెప్పిన.

మర్నాడు చిక్కొచ్చింది.
"నది అవతలోళ్ళ పిట్ట ఏది సార్?"
పుస్తకం చూసి గొంతు సవరించుకున్న.
"అది గూడ పాలపిట్టనే."
ముప్పై ఒక్క తలలు
ఒక్కసారే కిటికీ దిక్కు తిరిగినయి.
కరెంటు తీగ మీద ఒకటి,
మట్టిబెడ్డ లెక్క,
ఎవరి పక్షమో చెప్పకుండ కూర్చున్నది.
రెక్క ఇప్పింది. అంత నీలం
ఎక్కడ దాచుకున్నదో.
నది మీదికెల్లి పోయింది.
"ఇప్పుడది వాళ్ళదా?"
"మల్లొస్తే మనదేనా?"
నా బీఈడీల ఈ పాఠం లేదు.

ఇంతల బుగ్గమ్మ చెయ్యెత్తింది.
"పుణె ఏ పువ్వు సార్?"
దీపావళి ఎల్లంగనే మేస్త్రి తోలుకపోయిండు
వాళ్ళమ్మను.
"జారుల్" అన్న. నేను గూడ చూడలే.
"ఊదారంగుంటదట. పిట్టేమో పచ్చగువ్వ."

రాత్రి ఫోన్ల అడిగిందట.
పొద్దున్నే వచ్చి
ఇంటిపని అప్పజెప్పినట్టు చెప్పింది:
"మా అమ్మకు గువ్వ అవుపడలేదంట సార్.
పదకొండో అంతస్తు మీదికి
కాకులే వస్తయంట, సద్ది ముద్దకు.
సార్,
కాకిని ఏ రాష్ట్రమూ ఎందుకు తీసుకోలే?"

పుస్తకం మొదటి నుంచి చివరిదాక తిరగేసిన.
నిజమే.
"పిలిస్తే వచ్చేదానికి పదవెందుకు"
అన్నది పొయ్యి కాడి నుంచి మొగులమ్మ.

జూన్ ఆఖర్ల నా ఫోనుకు ఒక ఫొటో.
అప్పుడే పోసిన పార్కింగ్ స్లాబు,
ఇంకా తడి.
దాని మీద నలిగిన ఊదా రెక్కలు నాలుగైదు.
మూలకు, చెప్పులేని కాలి బొటనవేలు.
"ఇదేనా అని అడుగుతున్నది అమ్మ."

పుస్తకంల అంగుళం బొమ్మ పక్కన పెట్టి
చాలాసేపు చూసిన.
తడి సిమెంటు రంగు
పువ్వు రంగును కొంచెం తిన్నది.
ఇదేనని చెప్పిన.

బుగ్గమ్మ పటం కాడికి పోయింది.
పుణెను చెదలు ముట్టలేదు.
అక్కడ పెన్సిల్ చుక్క పెట్టి
మన ఊరికోసం వెతికింది.
బొక్క.
అందుల వేలు పెట్టి చూసింది,
వేలికొసకు గోడ సున్నం అంటింది.
ఆ సున్నం నుంచి ఆ చుక్క దాక
చెయ్యి పరిచి కొలిచి,
నా దిక్కు తిరిగింది.

"మూడు వేళ్ళే సార్!"